పదకొండో గేటు అప్పలనరసమ్మ

రాయ్‌పూర్ మోవా పేటలో మా వీధి చివరి డాబా ఇల్లు అప్పలనరసమ్మగారిది. ఆవిడతో మాట కలపడానికి వీధిలో ఎవరూ సాహసించేవారు కాదు. పాలవాడి మీద అనుమానం వస్తే నాలుగిళ్ళవతలికి వినిపించేలా కడిగేసేది. ఇంటి ముందు ఎవరి స్కూటరైనా ఆగిందంటే, అది ఎవరిదో కనుక్కుని వాళ్ళింటికే వెళ్ళి దులిపి వచ్చేది. నేను పెళ్ళయి రాయ్‌పూర్ వచ్చిన కొత్తలో మా అత్తగారు ఆ ఇంటివైపు చూపించి, "ఆవిడ జోలికి పోకు" అని చెప్పారు. ఆ తర్వాత గొంతు తగ్గించి, "డ్యూటీలో నిద్రపోయి ఒక మనిషిని చంపేసింది" అన్నారు. నేను దాన్ని పదేళ్ళు నమ్మాను. నమ్మడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు. అందరూ అనుకునేదే నేనూ అనుకున్నాను.

2018 ఏప్రిల్లో మా వీధికి ఒక ఆటో వచ్చింది. దాని మీద మైకు కట్టి ఉంది. ఊళ్ళోంచి పోయే ఛోటీ లైను, అంటే చిన్న పట్టాల రైలు, ఆగిపోయాక ఏదో ట్రస్టువాళ్ళు పాత ఇటుకల గోడౌన్ ఒకటి బాగుచేయించి మ్యూజియం పెట్టారు. నాలుగు గదులు, వెనకాల పెరట్లో ఒక పాత రైలు పెట్టె, చక్రం తిప్పి లేపే రైలు గేటు ఒకటి. వేసవి సెలవుల్లో పిల్లలకి శిబిరం నడుపుతున్నామనీ, అటకల మీదున్న పాత రైల్వే సామాను ఇస్తే పేరు రాసి పెడతామనీ మైకులో హిందీలో చెబుతూ ఆటో నెమ్మదిగా వెళ్ళింది. వెనకాల ప్రీతి అనే అమ్మాయి కాగితాలు పట్టుకుని ఇంటింటికీ తిరిగింది. శిబిరమంతా తన చేతిమీదుగానే నడుస్తుంది.

అప్పలనరసమ్మగారి గుమ్మం దగ్గర ఆ అమ్మాయి నిలబడేసరికి నేను మా వరండాలో బట్టలు ఆరేస్తున్నాను.

"ఆంటీజీ, మీ దగ్గర సిగ్నల్ దీపం, జెండాలు ఉన్నాయట. మా మ్యూజియానికి ఇస్తే చాలా బాగుంటుంది" అంది ప్రీతి.

"ఎవరు చెప్పారు?" అంది ఆవిడ హిందీలోనే.

"సూర్యారావు అంకుల్. పిల్లలకి కథలు చెప్పేది ఆయనే."

అంతే, తలుపు పడిపోయింది. ప్రీతి బయట నుంచి ఇంకేదో అనబోయింది. లోపల గడియ వేసిన చప్పుడు మా వరండా దాకా వినిపించింది.

సూర్యారావుకీ ఆవిడకీ ఉన్న గొడవ నాకు తర్వాత ఆవిడ కూతురు త్రివేణి చెప్పింది. అప్పలనరసమ్మగారిది శ్రీకాకుళం జిల్లా. భర్త అచ్చయ్య ఛోటీ లైనులో గ్యాంగ్‌మన్‌గా చేసేవాడు. పట్టాల పక్కన పని చేస్తుండగా పాము కరిచి పోయాడు. అప్పటికి త్రివేణికి ఆరేళ్ళు. భర్త ఉద్యోగం బదులుగా ఆవిడకి గేట్‌మన్ పని ఇచ్చారు. ఊరవతల పొలాల మధ్య పదకొండో గేటు. రిజిస్టరు రాయాలి కాబట్టి రాత్రిళ్ళు కూర్చుని హిందీ అక్షరాలు నేర్చుకుంది. రైలొచ్చే ముందు స్టేషన్ మాస్టరు ఫోను చేసేవాడు. ఆవిడ గేటు వేసి, తాళం పెట్టి, తన దగ్గరున్న చీటీలోంచి ఒక అంకె ఫోనులో చెప్పేది. అంకె చెప్పడమంటే గేటు పడిందని మాట ఇచ్చినట్టే. ఆ అంకె, టైము రెండు చోట్లా పుస్తకాల్లోకి ఎక్కేవి.

సూర్యారావు అప్పుడు ఆ లైను మీద గేట్లు తనిఖీ చేసే రైల్వే ట్రాఫిక్ ఇన్‌స్పెక్టరు. మనవాడే, రాజమండ్రి వైపు. ఒకసారి భార్యని స్కూటరు మీద ఎక్కించుకుని పెళ్ళికి వెళుతూ పదకొండో గేటు దగ్గర ఆగాడు. రైలింకా చాలా దూరంలో ఉంది, గేటు తియ్యమన్నాడు. "నంబరు సెప్పీసినాను సార్. ఇంక తియ్యను" అందట ఆవిడ. ఎండలో పద్దెనిమిది నిమిషాలు నిలబడ్డాడు. భార్య ముందు, వెనకాల ఆగిన ఎడ్లబళ్ళవాళ్ళ ముందు. అదేమీ చిన్న విషయం కాదు ఆయనకి.

మరుసటి ఏడాది, 2006 ఏప్రిల్లో ఒక సాయంత్రం, ఇటుకల ట్రాలీ లాగుతున్న ట్రాక్టరు వేసి ఉన్న గేటుని గుద్దుకుంటూ లోపలికొచ్చేసింది. విరిగిన కమ్మి తిరిగొచ్చి ఆవిడ భుజానికి తగిలింది. ట్రాలీ పట్టాల మీద ఇరుక్కుంది. డ్రైవరు దూకి పారిపోయాడు. ఆవిడ ఎర్రజెండా పట్టుకుని రైలుకి ఎదురు పరిగెత్తింది. ఇంజను డ్రైవరు జెండా చూసి బ్రేకు వేశాడు, కానీ బండి పూర్తిగా ఆగకుండానే ట్రాలీని తాకింది. ఇటుకల మీద కూర్చున్న కూలీ బుధారూ అక్కడికక్కడే పోయాడు. ఆరంగ్ పక్క పల్లె అతనిది. అప్పలనరసమ్మగారు పట్టాల మీదే పడిపోతే పొలాల్లో వాళ్ళు మోసుకొచ్చి గేటు గదిలో మంచం మీద వేశారు. తర్వాతెప్పుడో సూర్యారావు జీపులో వచ్చి, లోపలికి తొంగి చూసి, రిపోర్టులో రాశాడు: గేట్‌మన్ గదిలో నిద్రిస్తూ కనిపించింది.

ఐదు నెలలు ఆవిడని ఉద్యోగంలోంచి పక్కన పెట్టారు. ఇంజను డ్రైవరు జెండా చూశానని చెప్పడంతో మళ్ళీ తీసుకున్నారు. చేతికిచ్చిన కాగితంలో మాత్రం, ఇకముందు జాగ్రత్తగా ఉండవలెను అని ఒక్క వాక్యం. తప్పు చేసిందని లేదు, చేయలేదనీ లేదు. తెలుగువాళ్ళ ఇళ్ళలో మాత్రం ఆవిడకి నిద్రమ్మ అని పేరు పడింది.

మే రెండో వారంలో ఒక రోజు ఆవిడ మనవరాలు ఫణిశ్రీ శిబిరం నుంచి బొమ్మ గీసుకుని వచ్చింది. పదేళ్ళ పిల్ల. మా అమ్మాయితో కలిసి వెళ్ళేది. అమ్మమ్మ వద్దన్నా త్రివేణే పంపించింది. నేను ఇద్దర్నీ తీసుకొచ్చి ఫణిశ్రీని వాళ్ళ గుమ్మంలో దింపుతుంటే, ఆ పిల్ల కాగితం విప్పి చూపించింది. గేటు పక్కన మంచం, మంచం మీద నోరు తెరుచుకుని పడుకున్న ఆడమనిషి, పక్కన ఎర్రరంగుతో రైలు.

"అమ్మమ్మా, సూర్యారావు తాతగారు కహానీ సునాయే. ఒక గేట్‌వాలీ ఉండేదట. డ్యూటీలో సో గయీ. ట్రెయిన్ వచ్చి అంకుల్ మర్ గయే. తాతగారు అక్కడే ఉన్నారట. ఎంత లేపినా లేవలేదట" అంది.

అప్పలనరసమ్మగారు కాగితం తీసుకుని చాలాసేపు చూసింది. చింపేస్తుందనుకున్నాను. చింపలేదు.

"ఎన్నిమంది పిల్లగుంటలు గీసినారు ఈ బొమ్మ?" అని అడిగింది.

"అందరూ. గోడ మీద అంటించారు."

ఆవిడ నా వైపు తిరిగింది. "నివ్వూ ఇన్నావా ఈ కత?"

నేను తల దించుకున్నాను. ఆవిడకి అదే జవాబు.

మర్నాడు పొద్దున్న పిల్లల్ని దింపడానికి వెళ్ళేసరికి ఆవిడ అప్పటికే మ్యూజియం హాల్లో నిలబడి ఉంది. గోడ నిండా బొమ్మలు. ముప్ఫై మంచాలు, ముప్ఫై తెరుచుకున్న నోళ్ళు. సూర్యారావుగారు తెల్ల లాల్చీ వేసుకుని కుర్చీలో కూర్చుని ఉన్నారు. డెబ్భై దాటినా మనిషి నిటారుగా ఉంటారు. పిల్లలు చుట్టూ చేరారు.

"తియ్యండి ఇయ్యన్నీ" అంది ఆవిడ.

ప్రీతి గబగబా వచ్చింది. "ఆంటీజీ, పిల్లల ముందు అరవకండి. కథలో మీ పేరు ఎక్కడా లేదు."

"ఈ లైనులో ఎంతమంది ఆడ గేట్‌మన్‌లు ఉండేవారో చెప్పు. ఒక్కర్తిని. పేరెందుకు?"

సూర్యారావుగారు లేవలేదు. తెలుగులోకి దిగారు. "అప్పలనరసమ్మా, పాత సంగతులు తవ్వకు. నేను కళ్ళారా చూసిందే చెప్పాను. పిల్లలకి జాగ్రత్త నేర్పాలి కదా. అందులో తప్పేముంది?"

"కళ్ళారా? బండి గుద్దినప్పుడు నివ్వు అక్కడున్నావేటి?"

"ఉన్నానమ్మా. ఉన్నాను కాబట్టే రిపోర్టు రాశాను."

ఆవిడ ముఖం అప్పుడు మారింది. పన్నెండేళ్ళ నుంచి ఆయన మంచం మీద చూశానని అంటున్నాడని ఆవిడకి తెలుసు. రైలొచ్చేటప్పుడు పక్కనే ఉన్నానన్న మాట మాత్రం ఆయన నోట ఆ రోజే విన్నది. కథ చెప్పగా చెప్పగా ఆయన ఒక్కో మెట్టే దానిలోకి ఎక్కేశాడు.

హాలు మూల అద్దాల పెట్టెలో మూడు పాత గేటు రిజిస్టర్లు ఉన్నాయి. ఆవిడ వేలు చూపించింది. "పదకొండో గేటు పుస్తకాలు. ఆ పెట్టె తియ్యి. ఆ రోజు కాయితం సూపిస్తాను."

"అలా తీయడానికి వీల్లేదు. ట్రస్టు అనుమతి కావాలి" అంది ప్రీతి. "దయచేసి మీరు వెళ్ళండి. లేకపోతే వాచ్‌మన్‌ని పిలవాల్సి వస్తుంది."

పిలిచింది కూడా. ఆవిడ వాచ్‌మన్ చేయి తన మీద పడకముందే బయటికి నడిచింది. ఇంటికి మాత్రం వెళ్ళలేదు. మ్యూజియం వాకిట్లో ఎండలో నిలబడి, పిల్లల్ని దింపడానికి వచ్చిన ప్రతి తల్లినీ తండ్రినీ ఆపింది. "లోపల మీ పిల్లలికి అబద్ధం నేర్పుతున్నారు" అని తెలుగులో, హిందీలో చెప్పింది. కొందరు నవ్వుకుంటూ పోయారు. ఒకాయన బైకు హారను కొట్టి, "హటో" అని కసిరాడు. ఆవిడ బైకు ముందు చక్రం మీద చెయ్యి వేసి, "రైలుకే ఎదురెల్లినాను, నీ బైకెంత" అంది. అతను హారను ఆపేశాడు.

మూడు రోజులు ఇదే వరస. మే నెల రాయ్‌పూర్ ఎండలో, పొద్దున్న ఎనిమిది నుంచి శిబిరం ముగిసే పదకొండు దాకా. రెండో రోజు తెలుగు సంఘం కార్యదర్శి అప్పారావుగారు కారులో వచ్చారు.

"ఏంటమ్మా ఇది, మనవాళ్ళ పరువు తీస్తున్నావు. ఇంత ఊళ్ళో మనకి దక్కిన మర్యాద ఆ ఒక్క ముసలాయన. లోపల గౌరవంగా కూర్చోబెట్టి కథలు చెప్పించుకుంటున్నారు."

"మీ మర్యాద కోసం నాను నిద్దరోవాలా?" అంది.

"అది కాదు. పన్నెండేళ్ళయింది..."

"పన్నెండేళ్ళు మీ ఇళ్ళల్లో ఎవులైనా నన్ను బొట్టెట్టి పిలిసినారా? మీ ఆడోలు నన్ను సూసి గుసగుసలాడుకోనేదా? ఎల్లండి బాబూ. కారు ఎండెక్కిపోతంది."

అప్పారావుగారు కోపంతో కారు తలుపు గట్టిగా వేసుకుని వెళ్ళారు. ఆ సాయంత్రం వీధిలో ఇద్దరు ముగ్గురు నాతో, "ఆ ఇంటికి పిల్లని పంపకు" అన్నారు. త్రివేణి కూడా తల్లి మీద విసుక్కుంది. ఆఫీసులో అందరూ అడుగుతున్నారట. ఫణిశ్రీ శిబిరం మానేసింది. మూడో రోజు ఆవిడకి కళ్ళు తిరిగి గోడకి చేరగిలబడితే, నేను సీసాతో నీళ్ళిచ్చాను. తీసుకుని తాగింది. థాంక్స్ లాంటిదేమీ చెప్పలేదు. "నివ్వు కూడా నమ్మినావు" అని మాత్రం అంది.

నాలుగో రోజు ప్రీతి బయటికి వచ్చింది. ఆ అమ్మాయికి జాలి వేసి కాదు. శనివారం ముగింపు కార్యక్రమం, పెద్దవాళ్ళు వస్తున్నారు, వాకిట్లో ఈ గోల ఉండకూడదు. చేతిలో తాళాలున్నాయి.

"పెట్టె తీస్తాను. మీరు చెప్పినట్టు లేకపోతే మళ్ళీ ఈ గేటు దగ్గర కనిపించకూడదు. ఒప్పుకుంటారా?"

"తియ్యి ముందు."

పిల్లలంతా మూగారు. సూర్యారావుగారు కుర్చీలోనే ఉన్నారు. అద్దాల పెట్టెలోని మూడు పుస్తకాలూ వేరే సంవత్సరాలవి. ప్రీతి పెదవి విరిచింది. "ఇంకా ఉండాలి. నా చేత్తో స్టేషన్లో అప్పజెప్పినాను" అని ఆవిడ మొండికేసింది. సామాన్ల గదిలోంచి గోనెసంచి లాగించారు. అడుగున చెదలు పట్టిన పుస్తకం దొరికింది. అంచులు పొడి పొడిగా రాలుతున్నాయి. ఆవిడ నేల మీద కూర్చుని ఒక్కో పేజీ వేళ్ళతో కాదు, అట్టముక్కతో తిప్పింది. తొందరపడలేదు. ఇరవై రెండేళ్ళు గేటు పుస్తకం రాసిన చేయి అది.

పేజీ దొరికింది. వంకర హిందీ అక్షరాల్లో తేదీ, రైలు నంబరు. గేటు వేసిన టైము ఐదూ నలభై ఒకటి. చెప్పిన అంకె నలభై ఏడు. రైలు దాటిన గడి ఖాళీగా ఉంది. దాని కింద ఎర్ర సిరాతో, వేరే చేతిరాతలో, తనిఖీ చేసినట్టు ఇంగ్లీషు సంతకం, టైము. ఆరూ యాభై ఐదు.

ప్రీతి పుస్తకాన్ని సూర్యారావుగారి దగ్గరికి తీసుకెళ్ళింది. "అంకుల్, ఇది మీ సంతకమేనా?"

ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని చూశారు.

"నాదే."

"గేటు వేశాక ఆరింటికల్లా రైలు గుద్ది ఉండాలి కదా. మీరు వచ్చింది ఏడింటికి."

"అయితే ఏమైంది?" అన్నారాయన గొంతు పెంచి. "నేను వచ్చేసరికి పడుకుని ఉంది. అది నిజమా కాదా? అడగండి."

"పడుకునే ఉన్నాను" అంది అప్పలనరసమ్మగారు నేల మీద నుంచే. "భుజం ఎముక ఇరిగి పడుకున్నాను. నివ్వు లోనికి రానేదు. గుమ్మం కాడున్న పుస్తకం మీద సంతకమెట్టి, అక్కడినుంచే సూసినావు. ఏటయ్యిందే అని ఒక్క మాట అడగనేదు. అడిగుంటే సెప్పీదాన్ని."

ఆయన పిల్లల వైపు చూశారు. ఒకరిద్దరు ఆ బొమ్మల గోడ వైపు చూస్తున్నారు.

"పిల్లల కథకి ఇంత రాద్ధాంతమా?" అన్నారు చివరికి. చేతిసంచి తీసుకున్నారు.

"ఆలకి సెప్పీసి ఎల్లు" అంది ఆవిడ. "నాకు ఒద్దు. గుంటలికి సెప్పు."

ఆయన చెప్పులు వేసుకుని, వాకిలి దాటి, ఆటో కోసం రోడ్డు మీద నిలబడ్డారు. ఆటో దొరికేదాకా అటే తిరిగి ఉన్నారు. ఆ తర్వాత మ్యూజియానికి రాలేదు.

ప్రీతి బొమ్మలన్నీ తీయించింది. మీరే జరిగింది చెప్పండి అని ఆవిడని కుర్చీలో కూర్చోమంది. ఆవిడ కూర్చోలేదు. నిలబడే హిందీలో చెప్పింది. "పోయిన మనిషి పేరు బుధారూ. ఆ తాత మీకు ఆ పేరు చెప్పాడా? చెప్పలేదు కదా. ముందు అది రాసుకోండి." పిల్లలు రాసుకున్నారు. తర్వాత పెరట్లోకి తీసుకెళ్ళి గేటు చక్రం తిప్పించింది. తప్పు తిప్పినవాళ్ళని గట్టిగా తిట్టింది. ఒక పిల్ల ఏడ్చింది కూడా.

శనివారం కార్యక్రమానికి ఆవిడని పిలిచారు, వెళ్ళలేదు. తెలుగు సంఘంవాళ్ళు అటుపైన ఏ పండక్కీ ఆవిడకి కబురు పెట్టలేదు. పెద్దాయన్ని అవమానించి తరిమేసిందన్నారు. నిజం తెలిసినవాళ్ళు కూడా ఆ మాటే అన్నారు. పుస్తకం పేజీ చూశాక నిద్రమ్మ అనడం మానేశారు గానీ, అంతకంటే మెరుగైన పేరేమీ పెట్టలేదు.

జూన్ మొదట్లో ఒక ఉదయం ఆవిడ బస్టాండుకి బయలుదేరుతూ కనిపించింది. చేతిలో ఆ పేజీ జిరాక్సు, ప్లాస్టిక్ కవరులో. ఆరంగ్ వెళుతున్నానంది. తోడు రమ్మనలేదు. నేనే వెళ్ళాను. బస్సులో దారంతా ఒక్క మాటే మాట్లాడింది: "ఇన్నాల్లూ ఎల్తే తప్పు ఒప్పుకున్నట్టే అవుతాదని ఎల్లనేదు."

బుధారూ ఇల్లు ఆరంగ్ దాటాక రెండు కిలోమీటర్లు. అతని భార్య చేటలో బియ్యం చెరుగుతోంది. మేమెవరిమో చెప్పగానే చేట కింద పెట్టింది.

"గేట్‌వాలీ నువ్వేనా?"

"నేనే. గేటు వేసే ఉంది. నేను నిద్రపోలేదు. ఇదిగో, ఇందులో టైము ఉంది" అని అప్పలనరసమ్మగారు కవరు చాపింది. ఆవిడ గొంతు అంత మెత్తగా ఉండడం నేనెప్పుడూ వినలేదు.

ఆ మనిషి కవరు ముట్టుకోలేదు. "కాగజ్ లా మయ్ కా కరహూఁ?" అంది ఛత్తీస్‌గఢీలో. కాగితంతో నేనేం చేసుకోను అని. "వేశావో, వెయ్యలేదో. ఆ రోజు వచ్చి చెప్పుంటే వినేదాన్ని. ఇప్పుడు నీ కోసం వచ్చావు, నా కోసం కాదు."

అప్పలనరసమ్మగారు కవరు మడిచి చంకలో పెట్టుకుంది. మేం వెనక్కి తిరిగాం.

"ఎండగా ఉంది" అంది వెనక నుంచి ఆ మనిషి. చెంబుతో నీళ్ళు తెచ్చి గడప మీద పెట్టింది, చేతికివ్వలేదు. "తాగి వెళ్ళండి. మళ్ళీ రావద్దు."

ఆవిడ వంగి చెంబు తీసుకుని నిలబడే తాగింది. నాకూ ఇచ్చింది. ఖాళీ చెంబు గడప మీద పెట్టి, బస్సు ఆగే చోటుకి నాకంటే ముందు నడిచింది.